స్టాటిస్టిక్స్ పేరు వింటేనే చేతులు చల్లబడేవాళ్ల కోసం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నర్సింగ్, సైకాలజీ, ఎంబీఏ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్తుంటా. అంటే లెక్కలంటే ఇష్టపడి వచ్చినవాళ్లకి కాదు, లెక్కలు తప్పించుకుందామని వేరే గ్రూపు పట్టి, తీరా సగం కోర్సు అయ్యాక దీనికి దొరికిపోయినవాళ్లకి. ఏ కాలేజీ పిల్లలైనా అడిగేవి దాదాపు ఇవే, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి పోండి.

అక్కా, అసలు ఇలాంటి భయం నిజంగా ఉంటదా, లేక నా బద్ధకానికి నేను పెట్టుకున్న పేరా?

ఉంటది. 1985లోనే క్రూజ్, క్యాష్, బోల్టన్ అని ముగ్గురు దీన్ని కొలవడానికి 51 ప్రశ్నలతో ఒక స్కేల్ తయారుచేశారు, స్టార్స్ అంటారు దాన్ని, ఇప్పటికీ వాడుతున్నారు. 2003లో ఆన్‌వుగ్‌బూజీ, విల్సన్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ చూసి, పీజీ స్థాయి స్టూడెంట్లలో మూడింట రెండొంతుల నుంచి ఐదింట నాలుగొంతుల దాకా ఇబ్బందిపడే స్థాయిలో ఈ భయం ఉన్నట్టు కనిపిస్తోందని రాశారు. అవి ఎక్కువగా అమెరికా క్లాసుల సంగతి, మన కాలేజీలకి అదే అంకె అతికించకూడదు, కానీ క్లాసులో మీరొక్కరే ఇలా ఉన్నారనుకోవడం మాత్రం తప్పు.

బద్ధకానికీ దీనికీ తేడా తెలుసుకోవడం ఈజీ. బద్ధకం ఉన్నోడు పుస్తకం పక్కన పడేసి హాయిగా పడుకుంటాడు. మీరు పుస్తకం పక్కన పడేసి రీల్స్ చూస్తూ, చూస్తున్నంతసేపూ లోపల గుబులుపడుతూ, రాత్రి పన్నెండింటికి రేపు పొద్దున్నే లేచి చదువుతా అని అలారం పెట్టుకుని, పొద్దున్న దాన్ని ఆపేసి మళ్లీ గిల్టీగా ఫీలవుతారు. అది బద్ధకం కాదండీ, తప్పించుకోవడం. పుస్తకం మూసిన ఆ నిమిషంలో గుండెదడ తగ్గుద్ది చూడండి, ఆ రిలీఫే అసలు చిక్కు, ఎందుకంటే మూసేస్తే హాయిగా ఉంటదని మనసుకి అలవాటైపోద్ది, రేపు తెరవడం ఇంకా కష్టమవుద్ది. భయం పోయాక మొదలుపెడదాం అనుకున్నోళ్లు చాలామంది సెమిస్టర్ అయిపోయేదాకా అలాగే ఉండిపోతారు. చిన్న ముక్కతో మొదలుపెట్టాకే అది తగ్గుద్ది, కింద రాసిందంతా ఆ ముక్క ఎంత చిన్నగా ఉండాలి అన్నదాని గురించే.

నేను ఇంటర్ బైపీసీ. లెక్కలు అస్సలు రావు. నాకెలా వస్తది?

ముందు ఒక చేదు మాట: బైపీసీ తీసుకుంటే స్టాటిస్టిక్స్ తప్పుద్దని మీకెవరు చెప్పారో గానీ అబద్ధం చెప్పారు. బీఫార్మసీ ఎనిమిదో సెమిస్టర్‌లో బయోస్టాటిస్టిక్స్ అండ్ రీసెర్చ్ మెథడాలజీ ఉంది, బీఎస్సీ నర్సింగ్‌లో రీసెర్చ్ అండ్ స్టాటిస్టిక్స్ ఉంది, ఎంబీబీఎస్ అయ్యి ఎండీకి పోయినా థీసిస్ రాయాలి, అందులో శాంపిల్ సైజు, అంటే ఎంతమంది మీద స్టడీ చేయాలన్న అంకె, ఎలా వచ్చిందో చూపించాలి.

ఇక మంచి మాట. ఈ కోర్సుల్లో అడిగే స్టాటిస్టిక్స్‌కి కావాల్సిన లెక్కలు ఏంటంటే కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గం, వర్గమూలం, శాతాలు, గ్రాఫ్ మీద గీత గీయడం. అంతే. ట్రిగనామెట్రీ లేదు, కాల్క్యులస్ లేదు. (బీఎస్సీలో స్టాటిస్టిక్స్ మెయిన్‌గా తీసుకున్నవాళ్ల కథ వేరు, వాళ్లకి ఇంటిగ్రేషన్లు తప్పవు, ఈ మాట వాళ్లకి కాదు.) పదో తరగతిలో సగటు, మధ్యగతం, బాహుళకం రాసి వచ్చారు, ఓజివ్ వక్రం కూడా గీసే ఉంటారు. అంటే మొదటి యూనిట్ సగం మీరు ఆల్రెడీ పాసయ్యారు, పుస్తకంలో పేర్లు ఇంగ్లీష్‌లో ఉండేసరికి గుర్తుపట్టలేదు.

ఒక్కోసారి క్లాస్ బాగానే ఉంటది, ఒక్కోసారి చెమటలు పడతాయి. నాకు అసలు దేని భయం?

ఇది చాలా మంచి ప్రశ్న, ఇది అడిగినవాళ్లు సగం బాగుపడినట్టే. పైన చెప్పిన స్టార్స్ స్కేల్ ఈ భయాన్ని ఒక్క ముద్దగా చూడదు, ఆరు ముక్కలు చేస్తది. ఎగ్జామ్, క్లాస్ అంటే భయం. రిజల్ట్ చూసి దాని అర్థం చెప్పాలంటే భయం. ఎవరినైనా సాయం అడగాలంటే భయం. అసలు ఇది నాకెందుకు పనికొస్తదన్న చిరాకు. నాకు లెక్కలు రావు అన్న ముద్ర. ఆఖరిది, చెప్పే టీచర్ అంటే భయం.

ఒక కాగితం తీసుకుని ఈ ఆరూ రాసి, ఒక్కోదానికి ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారో వేయండి. స్టార్స్ అసలు ఇలా ఉండదు, ఇది నేను పిల్లలతో చేయించే నాటు పద్ధతి, కానీ పని చేస్తది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది లెక్కలు రావు అనే మొదలుపెడతారు, తీరా రాయిస్తే దానికి రెండో మూడో పడతాయి, సాయం అడగడానికి ఐదు పడతాయి. అలాంటి పిల్లకి ఇంకో పది లెక్కలు ఇచ్చి చేయమంటే ఏం లాభం? ఆ పిల్లకి కావాల్సింది డౌట్ అడగ్గలిగే మనిషి ఒకరు. అలాగే రిజల్ట్ అర్థం చెప్పడంలో ఐదు వేసుకున్నోళ్లు ఫార్ములాలు ఎన్ని బట్టీ పట్టినా భయం తగ్గదు, ఎందుకంటే వాళ్ల భయం ఫార్ములా అయిపోయాక మొదలవుద్ది.

ఇది నాకెందుకు అన్నదానికి ఎక్కువ వేసుకున్న నర్సింగ్ పిల్లలకి నేను ఫ్లోరెన్స్ నైటింగేల్ సంగతి చెప్తా. దీపం పట్టుకున్న బొమ్మే మనకి తెలుసు. ఆవిడ క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కంటే రోగాలతోనే ఎక్కువ చచ్చిపోతున్నారని లెక్కలు కట్టి, రంగుల చార్టులు గీసి ప్రభుత్వానికి చూపించింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం వచ్చిన మొదటి మహిళ ఆవిడే. మీ వార్డులో నెలకి ఎంతమందికి ఇన్‌ఫెక్షన్ వచ్చిందో రాసే రిజిస్టర్ ఉంది కదా, అది ఆ పనికి కొనసాగింపే.

పుస్తకం తెరవగానే ఆ సిగ్మాలు, బార్లు చూసి మూసేస్తున్నా. ఫార్ములా ఎలా చదవాలి?

ఫార్ములాని ఎడమ నుంచి కుడికి చదవకండి, లోపలి నుంచి బయటికి చదవండి. స్టాండర్డ్ డీవియేషన్ తీసుకుందాం, ఎందుకంటే ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే.

మీ ఆర్టీసీ బస్సు ఐదు రోజులు ఎన్ని నిమిషాలు లేటొచ్చిందో రాశారనుకోండి: 4, 6, 8, 10, 12. సగటు 8. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, ఒక్కో రోజు ఆ 8కి ఎంత దూరంలో ఉంది? మొదటి రోజు 4 తక్కువ, తర్వాత 2 తక్కువ, మూడో రోజు సరిగ్గా 8, తర్వాత 2 ఎక్కువ, 4 ఎక్కువ. ఈ దూరాల్ని కూడితే సున్నా వస్తది, ఎక్కువలూ తక్కువలూ కొట్టేసుకుంటాయి, ఏ డేటా తీసుకున్నా అంతే. అందుకే మైనస్ గుర్తు వదిలించుకోవడానికి వర్గం చేస్తాం: 16, 4, 0, 4, 16. మొత్తం 40. దీన్ని 5తో భాగిస్తే 8, వర్గమూలం 2.83. ఈ ఐదు రోజుల్ని బట్టి మిగతా రోజుల సంగతి కూడా అంచనా వేస్తుంటే, అంటే ఇది శాంపిల్ అయితే, 4తో భాగించాలి (ఎందుకో కింద డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రశ్నలో చెప్తా), అప్పుడు 10, వర్గమూలం 3.16. వర్గమూలం ఎందుకంటే మధ్యలో వర్గం చేశాం కదా, మళ్లీ నిమిషాల్లోకి రావాలి.

అయిపోయింది. ఆ ఫార్ములాలో ఉన్న ప్రతి గుర్తూ ఇప్పుడు మీరు చేసిన పనుల్లో ఒకదాని పేరు. సిగ్మా అంటే అన్నీ కూడు. ఎక్స్ మీద గీత అంటే సగటు. పైన చిన్న 2 అంటే వర్గం. ముందు పని చేసి, తర్వాత గుర్తు చూస్తే భయం ఉండదు, మన పుస్తకాల్లో గుర్తు ముందొస్తది, పని ఎప్పుడో వెనకొస్తది, కొన్నిట్లో అసలు రాదు. నా అభిప్రాయంలో సగం తప్పు పుస్తకాలదే.

ఒక షరతు: మొదటిసారి డేటా మీదే అయ్యుండాలి, ఐదు అంకెలు మించకూడదు. ఫోన్ స్క్రీన్ టైమ్ అవ్వచ్చు, మెస్‌లో తిన్న చపాతీలు అవ్వచ్చు, క్రికెట్ స్కోర్లు అవ్వచ్చు. టెక్స్ట్‌బుక్‌లో ఉండే ఫలానా ఫ్యాక్టరీ బోల్టుల వ్యాసం మీద ఎవరికీ ప్రేమ పుట్టదు.

క్లాసులో డౌట్ అడగాలంటే నోరు పెగలదు. అందరూ నవ్వుతారేమో.

కొంతమంది నవ్వుతారు, అబద్ధం చెప్పను. అందుకే మొదటి డౌట్ క్లాస్ మధ్యలో అడగాలని ఏం రూల్ లేదు. క్లాస్ అయ్యాక సార్ స్టాఫ్ రూమ్‌కి పోయే దారిలో అడగండి, కాగితం చూపించి అడగండి. "సార్, నాకు అర్థం కాలా" అంటే ఆయన మొదటి నుంచి అదే మాట అదే స్పీడులో మళ్లీ చెప్తారు, మీకు మళ్లీ అర్థం కాదు, ఇద్దరికీ చిరాకు. దానికి బదులు "సార్, ఇక్కడిదాకా నేనే చేశా, ఈ లైన్ నుంచి ఈ లైన్‌కి ఎలా వచ్చిందో తెలియట్లేదు" అని వేలు పెట్టి చూపించండి. అలా అడిగిన పిల్లల మీద కసురుకునే టీచర్లు తక్కువ.

మీ సార్ ఆ తక్కువమందిలో ఒకరైతే ఆయన్ని మార్చే పని పెట్టుకోవద్దు, సీనియర్ని పట్టుకోండి. క్లాస్ టాపర్ కన్నా నిరుడు కష్టపడి పాసైన అక్కో అన్నో బాగా చెప్తారు, ఎక్కడ తట్టుకుని పడ్డారో వాళ్లకింకా గుర్తుంటది.

తెలుగు మీడియం నుంచి వచ్చా. లెక్క అర్థమవుద్ది, ప్రశ్న అర్థం కాదు.

అయితే మీ సమస్య స్టాటిస్టిక్స్ కాదు, దాన్ని స్టాటిస్టిక్స్ ఖాతాలో వేసి భయపడొద్దు. పాత ప్రశ్నాపత్రాలు ఐదారు తీసుకుని లెక్కలు చేయకుండా ప్రశ్నలు మాత్రమే చదవండి. అవే నలభై యాభై మాటలు తిరిగి తిరిగి వస్తుంటాయి. ఒక్కోదాని పక్కన తెలుగులో మీకు తెలిసినట్టు రాసుకోండి, పుస్తకం తెలుగు అక్కర్లేదు, "సిగ్నిఫికెంట్ అంటే ఊరికే తగిలింది కాకపోవచ్చు" అని రాసుకున్నా చాలు. ఇంట్లో అమ్మకి చెప్తున్నట్టు తెలుగులో పైకి చెప్పి చూసుకోండి, ఎక్కడ మాట ఆగిపోద్దో అక్కడే మీకు అర్థం కాలేదు, ఇంగ్లీష్‌లో బట్టీ కొడితే ఆ చోటు ఎప్పటికీ దొరకదు. పరీక్ష ఇంగ్లీష్‌లో రాయండి, ఆలోచన తెలుగులో చేయండి, దానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

పి-వేల్యూ. ఎన్నిసార్లు చదివినా పోద్ది. ఒక్కసారి అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్.

టీ తాగుతూ చదవండి. మీ ఫ్రెండ్ ఒకడు, కప్పులో పాలు ముందు పోశారా డికాషన్ ముందు పోశారా తాగి చెప్పేస్తా అన్నాడు. మీరు నమ్మలేదు. ఎనిమిది కప్పులు పెట్టారు, నాలుగిట్లో పాలు ముందు, నాలుగిట్లో డికాషన్ ముందు, వరస కలిపేశారు. పాలు ముందు పోసిన నాలుగూ తీసి పక్కన పెట్టమన్నారు.

వాడికి ఏమీ తెలియదు, ఊరికే గుడ్డిగా నాలుగు ఎంచుతున్నాడు అనుకుందాం. ఇదే నల్ హైపోథిసిస్. ఎనిమిదిలోంచి నాలుగు తీయడానికి 70 రకాలు ఉన్నాయి, అందులో నాలుగూ కరెక్టయ్యేది ఒక్కటే. అంటే గుడ్డిగా చేసి నాలుగుకి నాలుగు కొట్టే అవకాశం 70లో 1, దాదాపు 0.014. అదే పి-వేల్యూ. ఏమీ తెలియనోడికి ఇలా జరగడం ఇంత అరుదు కాబట్టి, సరేలే వీడికి ఏదో తెలుసనుకోవచ్చు అంటాం.

ఇప్పుడు వాడు నాలుగులో మూడే కరెక్ట్‌గా పెట్టాడనుకోండి. చూడ్డానికి గొప్పగానే ఉంది, డెబ్భై ఐదు శాతం కదా! కానీ సరిగ్గా మూడు కొట్టే రకాలు 16, నాలుగూ కొట్టేది 1 (ఇంతకంటే మంచి ఫలితాన్నీ కలిపే లెక్కేస్తారు), మొత్తం 17. 70లో 17 అంటే దాదాపు 0.24. గుడ్డిగా ఎంచినోళ్లలో కూడా నలుగురిలో ఒకరికి ఇంత మంచి ఫలితం వచ్చేస్తది. కాబట్టి టీ డబ్బులు వాడినే కట్టమనండి. దీనికి 0.05 (మామూలుగా అందరూ పెట్టుకునే గీత) కంటే ఎక్కువొచ్చింది, నల్‌ని రిజెక్ట్ చేయలేం అని పుస్తకంలో రాస్తారు. వాడికి రాదని తేలిపోయిందా అంటే అదీ లేదు, ఎనిమిది కప్పులతో తేలలేదు అంతే.

ఇది నేను కనిపెట్టింది కాదు, ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే ఆవిడ సరిగ్గా ఇదే మాట అంటే, అక్కడ పనిచేసే రొనాల్డ్ ఫిషర్ దాన్ని పట్టుకుని ఈ పద్ధతి మొత్తం వివరించాడు.

ఒక్క తప్పు మాత్రం చేయొద్దు: 0.014 అంటే వాడు బుకాయించే అవకాశం 1.4 శాతం అని రాయకండి. బుకాయిస్తున్నాడు అనుకుంటేనే ఆ 0.014 వచ్చింది. ఈ తప్పు ఎంతమంది చేస్తారంటే 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ వాళ్లు పి-వేల్యూ అంటే ఏంటి, ఏది కాదు అని ప్రత్యేకంగా ఒక ప్రకటన ఇవ్వాల్సొచ్చింది, అదీ పరిశోధకుల కోసం. మీకు మొదటిసారి అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం ఏముంది.

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అర్థం కాలేదని చెప్తే సార్ చిన్నచూపు చూశారు.

బస్సు లెక్కకి పోండి. దూరాలన్నీ కూడితే సున్నా రావాలి అన్నాం కదా. నాలుగు దూరాలు నేను చెప్తే ఐదోది మీరే చెప్పేయగలరు, అది ఇంక స్వేచ్ఛగా ఉండదు. స్వేచ్ఛగా ఉన్నవి నాలుగే, వాటి లెక్కే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అందుకే శాంపిల్‌కి ఐదుకి బదులు నాలుగుతో భాగించాం.

చిన్నచూపు సంగతికొస్తే, కై-స్క్వేర్ టెస్ట్‌ని (రెండు విషయాలకి సంబంధం ఉందా అని టేబుల్‌లో అంకెలు వేసి చూసేది) 1900లో ఇచ్చిన కార్ల్ పియర్సన్ ఉన్నాడే, రెండడ్డం రెండు నిలువు టేబుల్‌కి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3 అని లెక్కేశాడు. అది 1 అని 1922లో ఫిషర్ చూపిస్తే కూడా ఒప్పుకోలేదు. టెస్ట్ కనిపెట్టినాయనకే ఇరవై ఏళ్లు పైన తేడా వచ్చిన చోట మీకు ఒక సెమిస్టర్ పట్టుద్ది, పట్టనీండి. ఈ మాట సార్‌తో అనొద్దు, మనసులో పెట్టుకోండి.

అన్నీ సాఫ్ట్‌వేర్ చేసేస్తుంటే చేత్తో ఎందుకు చేయాలి?

పెద్ద డేటా చేత్తో అక్కర్లేదు, శుద్ధ దండగ. కానీ ఒక్కో టెస్ట్ ఒక్కసారైనా ఐదారు అంకెలతో చేత్తో చేసి, అవే అంకెలు కంప్యూటర్‌లో పెట్టి, రెండు జవాబులూ ఒకటే వచ్చాయా చూడండి. ఒకటే వస్తే ఆ స్క్రీన్ మీద ఇంక గౌరవమే తప్ప భయం ఉండదు. తేడా వస్తే ఇంకా మంచిది, చాలాసార్లు ఆ ఎన్, ఎన్ మైనస్ వన్ తేడానే (బస్సు లెక్కలో 5తో భాగించాలా 4తోనా అన్నదే) అయ్యుంటది, మీరే పట్టుకుంటారు.

ఎస్‌పీఎస్‌ఎస్ ఖరీదు ఎక్కువ, దొంగ కాపీల కోసం తిరిగి వైరస్‌లు తెచ్చుకోవద్దు. జమోవి, జాస్ప్ రెండూ ఫ్రీ, మౌస్‌తో నొక్కితే సరిపోద్ది. ఆర్ కూడా ఫ్రీనే కానీ కోడ్ రాయాలి, ఇప్పటికే భయపడుతున్నోళ్లు దాంతో మొదలుపెట్టొద్దని నా సలహా. మామూలు లెక్కలకి ఎక్సెల్ చాలు.

పరీక్ష హాల్లో పేపర్ చూడగానే అంతా బ్లాంక్ అయిపోద్ది. ఇంట్లో అన్నీ వచ్చినవే.

దీనికి కారణం ఉంది. లెక్క చేసేటప్పుడు మధ్య అంకెల్ని బుర్రలో కాసేపు పట్టి ఉంచుకోవాలి కదా, ఆ జాగా మనుషులకి చాలా కొంచెమే. యాష్‌క్రాఫ్ట్, కర్క్ 2001లో చూపించింది ఏంటంటే లెక్కల భయం ఉన్నవాళ్లకి అంకెలతో పని పడ్డప్పుడు ఆ కొంచెం జాగా కూడా తగ్గిపోద్దని. ఫెయిలైతే నాన్న ఏమంటాడో అన్న ఆలోచన అక్కడ కూర్చుని ఉంటే ఇంక అంకెలెక్కడ పెట్టుకుంటారు. చదివింది ఎక్కడికీ పోలేదు, చోటు లేదంతే.

కాబట్టి బుర్రలో పెట్టుకోవాల్సింది కాగితం మీదకి దించేయండి. పేపర్ ఇవ్వగానే చివరి పేజీలో ఫార్ములాలు గబగబా రాసేయండి. లెక్క ఎంచుకున్నాక ఆలోచించకుండా ముందు డేటాని కాలమ్‌గా ఎక్కించండి, పక్కన రెండు మూడు ఖాళీ కాలమ్‌లు గీయండి. చెయ్యి కదలడం మొదలైతే దడ కొంచెం తగ్గుద్ది, పైగా స్టెప్పులకి మార్కులు ఉంటాయి, జవాబు తప్పైనా టేబుల్ కరెక్టైతే ఎంతో కొంత వేస్తారు. ఊపిరి పీల్చడం కంటే వదలడం నెమ్మదిగా చేయండి, నాలుగైదు సార్లు చాలు. మొదటి ప్రశ్నే మొదట రాయాలని లేదు.

ఇంకోటి, పరీక్షకి ముందు పది నిమిషాలు మన భయాల్ని కాగితం మీద రాసేస్తే మార్కులు పెరుగుతాయని 2011లో రమీరెజ్, బైలాక్ 'సైన్స్' అనే పత్రికలో రాశారు, అది చాలా ఫేమస్ అయ్యింది. తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే అలా రాలేదు. నా క్లాసులో కొంతమందికి నచ్చుద్ది, చేసుకుంటారు, నేను వద్దనను, కానీ గ్యారంటీ అని మాత్రం చెప్పను. ఒక్క స్టడీలో పి-వేల్యూ బాగొచ్చినంత మాత్రాన అయిపోదని చెప్పడానికి కూడా ఇది మంచి ఉదాహరణ, వైవాలో వాడుకోండి.

థీసిస్ అనాలిసిస్ డబ్బులిచ్చి చేయించుకోవచ్చా?

స్టాటిస్టిషియన్ సాయం తీసుకోవడం తప్పు కాదు, పెద్ద పెద్ద డాక్టర్లూ తీసుకుంటారు. ఎప్పుడు తీసుకుంటున్నారు అన్నదే తేడా. డేటా మొత్తం తీసేసుకుని, సబ్మిషన్‌కి పది రోజుల ముందు ఎక్సెల్ షీట్ జిరాక్స్ షాపు పక్కనుండే అన్నకి ఇచ్చి "ఏదో ఒకటి సిగ్నిఫికెంట్ చేసివ్వన్నా" అంటే, ఆయన చేసేది ఆయనకీ తెలియదు, మీకూ తెలియదు, వైవాలో మాత్రం మీరు ఒక్కరే నిలబడాలి. డేటా తీయకముందే వెళ్లండి. శాంపిల్ ఎంత కావాలి, ఏ టెస్ట్ వాడాలి, ఎందుకు, అన్నది అప్పుడే కూర్చుని రాయించుకోండి, బిల్లు కూడా తక్కువే అవుద్ది. వైవాలో అడిగేది కూడా ఎక్కువగా "ఈ టెస్ట్ ఎందుకు వాడావమ్మా" అనే.

మా అమ్మాయి స్టాటిస్టిక్స్ అంటే ఏడుస్తోంది. తల్లిదండ్రులుగా మేమేం అనాలి?

"మన ఇంట్లో ఎవరికీ లెక్కలు రావులే" అనకండి, ఓదార్పు అనుకుంటారు గానీ ఆ పిల్లకి అది తీర్పులా వినపడుద్ది. "ఇంత ఫీజు కట్టాం" కూడా అనకండి, అది ఆ పిల్లకి మీకంటే బాగా గుర్తుంది. ఈరోజు చేసిన లెక్క ఒకటి మాకు చెప్పమ్మా అని అడగండి, కరెంటు బిల్లు పన్నెండు నెలలవి ఇచ్చి సగటు తీయమనండి, అది చెప్తుంటే వినండి.

అసలు ఇది చదివితే ఏమొస్తది అని అడిగే నాన్నలకి సీఆర్ రావు గారి పేరు చెప్తుంటా. తెలుగు కుటుంబం, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎంఏ, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా పోయి 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. నాలుగేళ్లకే రాసిన పేపర్‌లోని ఫలితం ఇప్పటికీ ఆయన పేరుతో పుస్తకాల్లో ఉంది, 2023లో నూట రెండేళ్ల వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. ఇది నాన్నల కోసం చెప్పేదే, భయపడే పిల్లకి చెప్పకండి, ఇంకా భయపడుద్ది.

నేను లెక్చరర్‌ని. సిలబస్ అయితేనే గొప్ప. దీనికేం చేయగలను?

మూడు పనులకి టైమ్ పెద్దగా పట్టదు మేడమ్. మొదటి రోజు "ఈ సబ్జెక్ట్‌లో చాలామంది పోతారు" అనే డైలాగ్ మానేయండి, అది ఎవర్నీ చదివించదు. డౌట్లు పేర్లు లేకుండా చీటీల మీద రాయించి, తర్వాతి క్లాసు మొదటి ఐదు నిమిషాలు నాలుగు చీటీలు చదివి జవాబు చెప్పండి, ఒకే డౌట్ పదిమంది రాశారని తెలిస్తే క్లాస్ మొత్తం ఊపిరి పీల్చుకుంటది. ఇంటర్నల్స్‌లో ఒక్కటైనా ఫార్ములా షీట్ ఇచ్చి పెట్టండి. ఫార్ములా గుర్తుందా లేదా అన్నది కాకుండా ఏది ఎక్కడ వాడాలో తెలుసా లేదా అన్నది అప్పుడు బయటపడుద్ది.

ఇది మామూలు భయమా, డాక్టర్‌కి చూపించాలా?

స్టాటిస్టిక్స్ క్లాస్ వరకే ఉంటే పైన రాసినవి చాలు. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, అన్ని సబ్జెక్టులకీ కాలేజీకీ పోలేకపోవడం, ఊపిరి ఆడనట్టు మళ్లీ మళ్లీ రావడం ఉంటే కౌన్సెలర్‌నో సైకియాట్రిస్ట్‌నో కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు, 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిదే, ఫ్రీ, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పక్కనే ఉండే ఒక మనిషికి కూడా చెప్పండి.

సప్లీ వచ్చింది. నెలే ఉంది. ఎక్కడ మొదలుపెట్టను?

సిలబస్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి, పాత పేపర్ల నుంచి మొదలుపెట్టండి. మొదటి వారం సగటు, మధ్యగతం, స్టాండర్డ్ డీవియేషన్ మాత్రమే, రోజుకి ఇరవై ఐదు నిమిషాలు, ఫోన్ వేరే గదిలో. టైమ్ అయిపోతే లెక్క సగంలో ఉన్నా ఆపేయండి, సగంలో ఆపిన లెక్క దగ్గరికి రేపు రావడం ఈజీ, కొత్త లెక్క దగ్గరికి రావడం కష్టం. రెండో వారం కోరిలేషన్, కై-స్క్వేర్. మూడో వారం టీ-టెస్ట్, నల్ హైపోథిసిస్ రాయడం, రిజల్ట్ ఒక వాక్యంలో చెప్పడం, ఆ వాక్యం ఎవరికైనా వినిపించడం. చివరి వారం టైమ్ పెట్టుకుని పాత పేపర్లు, కనీసం రెండు, టేబుల్ దగ్గర కూర్చుని, మంచం మీద కాదు. ఎనోవా దాకా రాకపోతే దాన్ని వదిలేయండి, పాస్ అవ్వడానికి మిగతావి సరిపోతాయా లేదా అని పాత పేపర్లలో మార్కులు కూడి చూసుకోండి.